మంటలేని జ్వాల: ఇంటికి, వేదికకు, సముద్రపు గాలికి ఏ ఎలక్ట్రానిక్ దీపం నప్పుతుంది?

నిప్పు లేకుండా నిప్పు వెలుగునిచ్చే దీపాలు ఇప్పుడు ఎన్నో రకాలుగా దొరుకుతున్నాయి. ప్రమిదలో అమరే చిన్న ఎల్‌ఈడీ మొదలుకొని అయస్కాంతంతో ఊగే ప్లాస్టిక్ జ్వాల వరకు, అక్కడి నుంచి నాటక వేదికల మీద ఫ్యాను గాలికి ఎగిరే గుడ్డ మంట వరకు ఒక్కొక్కటి ఒక్కో ఉపాయంతో కంటిని నమ్మిస్తుంది. కొనేవారికైనా, సొంతంగా తయారు చేసుకోవాలనుకునేవారికైనా వీటిలో ఏది తమకు తగినదో తేల్చుకోవడం సులభం కాదు, ఎందుకంటే అమ్మేవారి వివరణల్లో ప్రతిదీ అచ్చం నిజమైన దీపంలాగే ఉంటుంది.

విశాఖపట్నంలో ఉండేవారికి మరో చిక్కు ఉంది. కార్తీక మాసంలో బాల్కనీలో వెలిగించిన దీపం సముద్రపు గాలికి నిలవదు. అపార్ట్‌మెంటులో కర్టెన్ల పక్కన నిప్పు ఉంచడానికి మనసొప్పదు. పోనీ ఎలక్ట్రానిక్ దీపం పెడదామంటే ఉప్పుగాలి దాని లోహపు భాగాలను తినేస్తుంది. దీపారాధనలో వీటిని వాడవచ్చా అన్నది ఎవరి ఇంటి ఆచారం వారిది కాబట్టి ఆ చర్చ ఇక్కడ చేయడం లేదు. నిప్పు ఉండకూడని చోట నిప్పు రూపం కావాలనుకునేవారికి ఏది ఎంచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చూసేవారికి జ్వాల ఆకారమే కనబడుతుందా, లేక జ్వాల దాగి ఉండి దాని వెలుగు మాత్రమే కనబడుతుందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం రకాలు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

అసలు జ్వాల ఏం చేస్తుంది

అనుకరణను అంచనా వేయాలంటే అసలుది తెలిసి ఉండాలి. వత్తి మొదట్లో జ్వాల నీలంగా, వత్తి చుట్టూ కాస్త చీకటిగా, పైన పసుపుగా ఉంటుంది. ఆ పసుపు వెలుగు కాలుతున్న వాయువుది మాత్రమే కాదు. వేడికి ఎర్రబారి మెరిసే సన్నని మసి కణాలదే అందులో అధిక భాగం. రంగు ఉష్ణోగ్రతలో చెబితే (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రగా, పెరిగేకొద్దీ తెల్లగా ఉంటుంది) కొవ్వొత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్లు. దుకాణాల్లో వార్మ్ వైట్ అని అమ్మే ఎల్‌ఈడీలు చాలావరకు 2700 కెల్విన్ల దగ్గరివి, కాబట్టి అవి ఒంటరిగా వెలిగితే జ్వాల కన్నా తెల్లగా కనబడతాయి. ఇక వెలుగు పరిమాణం చూస్తే ఒక కొవ్వొత్తి ఇచ్చేది దాదాపు 12 ల్యూమెన్లు మాత్రమే, అదే గదిలో వాడే మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 800 ల్యూమెన్ల పైచిలుకు ఇస్తుంది. అనుకరణ దీపాల్లో తరచుగా కనిపించే మొదటి లోపం ఈ అతి వెలుగే.

కదలిక విషయంలో పొరపాటు మరింత సూక్ష్మమైనది. గాలి ఆడని గదిలో నూనె దీపం చాలాసేపు నిశ్చలంగా నిలుస్తుంది. తలుపు తెరిచినప్పుడో, ఎవరైనా పక్కనుంచి నడిచినప్పుడో జ్వాల ఒరుగుతుంది, పొట్టిదవుతుంది, కాస్త ఎర్రబడుతుంది, మళ్లీ నెమ్మదిగా లేచి నిలుస్తుంది. ఒరిగిన క్షణంలో వెలుగు కేంద్రం పక్కకు జరుగుతుంది కాబట్టి గోడ మీది నీడలు కూడా జరుగుతాయి. వెలుగు తగ్గిపెరిగినా నీడలు కదలకపోతే ఎందుకో చెప్పలేకపోయినా ఇది బల్బే అని కన్ను పట్టేస్తుంది.

మంట పరిమాణానికీ దాని వేగానికీ కూడా సంబంధం ఉంది. పెద్ద మంటలు సెకనుకు ఎన్నిసార్లు ఉబికి తగ్గుతాయన్నది వాటి అడుగు వెడల్పు మీద ఆధారపడుతుంది: వెడల్పును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలంతో 1.5ను భాగిస్తే ఆ సంఖ్య సుమారుగా వస్తుంది. మీటరు వెడల్పున్న భోగి మంట సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగితే, పది సెంటీమీటర్ల కాగడా దాదాపు అయిదు సార్లు ఊగుతుంది. పెద్ద మంట అని పెట్టినది చిన్న మంట వేగంతో చకచకా ఆడితే ఎంత ఖరీదైన పరికరమైనా బొమ్మలాగే కనబడుతుంది.

ఎంపికకు ముందు తేల్చుకోవలసినవి

జ్వాల కనబడాలా, వెలుగు చాలా అన్నది మొదటిది. చూసేవారు ఎంత దూరంలో ఉంటారన్నది రెండవది, ఎందుకంటే అరచేతి దూరం నుంచి నమ్మించేది వేదిక చివరి వరుసకు చుక్కలా కనబడుతుంది, వేదిక మీద నమ్మించేది దగ్గరికి వస్తే గుడ్డ ముక్కగా తేలిపోతుంది.

మూడవది విద్యుత్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని దాటాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో కూడా పనికి రావాలనుకుంటే పెన్సిల్ సెల్స్‌తో నడిచేదాన్నే ఎంచుకోవాలి. పండగకు మాత్రమే అయితే ఫోను చార్జరుతో నడిచేది చాలు.

నాలుగవది కంటి భద్రత, దీన్ని తేలికగా తీసుకోకూడదు. సెకనుకు 3 నుంచి 30 సార్లు తీవ్రంగా వెలిగి ఆరే కాంతి కొందరిలో మూర్ఛను రేపగలదు. ఇంట్లో ఫిట్స్ సమస్య ఉన్నవారుంటే, పూర్తిగా ఆరి వెలిగే రకాలను పక్కన పెట్టి, కొద్దిగా మాత్రమే తగ్గిపెరుగుతూ నెమ్మదిగా కదిలేవాటినే చూడాలి. ఇక నాణెం ఆకారపు బ్యాటరీలతో నడిచే చిన్న దీపాల విషయం: చిన్నపిల్లలున్న ఇంట్లో బ్యాటరీ గూడుకు స్క్రూ మూత లేనిదాన్ని కొనకండి. ఆ బ్యాటరీ మింగితే అది గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

తనంతట తానే మినుకుమనే ఎల్‌ఈడీ

అయిదు మిల్లీమీటర్ల మామూలు ఎల్‌ఈడీలాగే ఉండి, లోపలే ఒక చిన్న చిప్‌ను దాచుకున్న రకం ఇది. సుమారు మూడు వోల్టులు ఇస్తే చాలు, వెలుగు క్రమం తప్పి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పూజా సామగ్రి దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ ప్రమిదల్లో ఎక్కువగా ఉండేది ఇదే. దీన్ని మామూలు ఎల్‌ఈడీతో వరుసగా ఒకే దారిలో కలిపితే ఆ రెండవది కూడా దీనితో పాటు మినుకుమంటుంది. తక్కువ ఖర్చుతో రెండు చుక్కల వెలుగు కావాలనుకునేవారికి ఇది పనికొచ్చే కిటుకు.

లోపం స్పష్టమే. వెలుగు కేంద్రం కదలదు, నీడలు కదలవు, రంగు మారదు, వేగాన్ని మనం మార్చలేము. కాబట్టి దీన్ని నేరుగా కంటికి కనబడేలా పెట్టకుండా మట్టి గూటిలోనో, బటర్ పేపరు చుట్టిన చిన్న లాంతరులోనో దాచండి. అలా దాచినప్పుడు, పదుల సంఖ్యలో మెట్ల వెంట పేర్చడానికి ఇంతకన్నా చవకైనది లేదు.

చిన్న చిప్, రెండు మూడు ఎల్‌ఈడీలు: సొంతంగా చేసుకునేది

సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవారికి నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే జ్వాల స్వభావాన్ని మనసుకు నచ్చినట్టు మలచుకునే అవకాశం ఇందులో ఉంది. ఏటీటైనీ85 వంటి ఎనిమిది కాళ్ల మైక్రోకంట్రోలరు, అంటే మనం ప్రోగ్రాము రాసి పెట్టుకోగల చిన్న చిప్, దీనికి సరిపోతుంది. ఇంట్లో ప్రయోగాలకు వాడే ఆర్డ్వినో బోర్డు ఉంటే ముందు దాని మీద ప్రయత్నించి, కుదిరాక చిన్న చిప్‌కు మార్చుకోవచ్చు.

రెండు అంబర్ (నారింజ కలిసిన పసుపు) ఎల్‌ఈడీలు, ఒక వార్మ్ వైట్ ఎల్‌ఈడీ తీసుకోండి. తెల్లదాన్ని కింద నడుమ, అంబర్‌వాటిని పైన అటూ ఇటూ సెంటీమీటరు ఎడంగా అమర్చండి. 5 వోల్టుల సరఫరా మీద అంబర్ ఎల్‌ఈడీకి 330 ఓములు, తెల్లదానికి 220 ఓముల రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే భాగం) పెడితే ఒక్కొక్కదానిలో సుమారు 9 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. మూడింటి వెలుగూ విడివిడిగా మారడం వల్ల వెలుగు కేంద్రం ఒక పక్క నుంచి మరో పక్కకు జరుగుతుంది, గోడ మీద నీడ కదులుతుంది. ముందు చెప్పిన లోపం తీరేది ఇక్కడే.

ప్రోగ్రాములో చాలామంది ప్రతిసారీ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను నేరుగా వెలుగుగా పంపిస్తారు. ఫలితం చెడిపోయిన ట్యూబులైటులా ఉంటుంది. దానికి బదులు యాదృచ్ఛిక సంఖ్యను ఒక గమ్యంగా మాత్రమే తీసుకొని, సెకనుకు 25 సార్లు ప్రస్తుత వెలుగును ఆ గమ్యం వైపు, వాటి మధ్య తేడాలో ఎనిమిదో వంతు చొప్పున జరపండి. ఎక్కువ సమయం గమ్యాన్ని 75 నుంచి 95 శాతం మధ్యే ఉంచి, కొన్ని సెకన్లకు ఒకసారి మాత్రం అర సెకను పాటు 40 శాతానికి దించండి. అదే గాలి తగిలిన క్షణం. అలా దించేటప్పుడు తెల్ల ఎల్‌ఈడీని అంబర్ కన్నా ఎక్కువగా తగ్గిస్తే జ్వాల ఎర్రబడినట్టు ఉంటుంది. ఇంకొక మెళకువ కూడా తప్పనిసరి: మన కన్ను వెలుగును సరళరేఖలో కొలవదు, సగం విద్యుత్తు ఇచ్చినా దాదాపు ముప్పాతిక వెలుగుగా చూస్తుంది. అందుకే లెక్కించిన విలువను 0 నుంచి 1 మధ్య భిన్నంగా తీసుకొని, 2.2 ఘాతానికి హెచ్చించి పంపాలి. ఈ సవరణ లేని దీపంలో తక్కువ వెలుగు దగ్గర అంచెలంచెలుగా కుదుపులు కనబడతాయి.

కరెంటు ఖర్చు తక్కువ. మూడు ఎల్‌ఈడీలకూ కలిపి సగటున 15, చిప్‌కు ఒకటి చొప్పున 16 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, 2000 మిల్లీ ఆంపియర్ గంటల పెన్సిల్ సెల్స్ మూడు వరుసగా కలిపినప్పుడు సుమారు 125 గంటలు నడుస్తాయి. రోజూ సాయంత్రం అయిదు గంటల చొప్పున కార్తీక మాసంలో ఇరవై అయిదు రోజులు గడుస్తాయన్నమాట. చివరి రోజుల్లో వోల్టేజీ తగ్గి తెల్ల ఎల్‌ఈడీ మసకబారుతుంది. సెల్స్ మార్చమని గుర్తు చేయడానికి అదే చాలు.

దీని బలహీనత ఆకారం. ఎల్‌ఈడీలు నేరుగా కనబడితే మూడు చుక్కలే కనబడతాయి. పాలరంగు అక్రిలిక్ గొట్టంలోనో, మైనపు తొడుగులోనో ఉంచాలి. మైనపు తొడుగు చూడటానికి చాలా బాగుంటుంది, కానీ మే నెలలో పడమటి ఎండ తగిలే కిటికీలో పెడితే మెత్తబడి ఒరిగిపోతుంది.

వరుసలు వరుసలుగా రంగు ఎల్‌ఈడీలు

డబ్ల్యూఎస్2812 అనే ఎల్‌ఈడీల్లో ప్రతిదానిలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి, ప్రతిదాన్నీ విడిగా ఆజ్ఞాపించవచ్చు. వీటి పట్టీని గొట్టానికి చుట్టినా, చదరపు పలకగా తీసుకున్నా, మంట కింద పుట్టి పైకి పాకి చల్లారడాన్ని చూపవచ్చు. మార్క్ క్రీగ్స్‌మన్ రాసిన ఫైర్2012 అనే ప్రోగ్రాము దీనికి బాగా పేరుపడింది. అది ప్రతి ఎల్‌ఈడీకి ఒక వేడి విలువనిచ్చి, ప్రతి అడుగులో దాన్ని కొంచెం చల్లార్చి, మిగిలిన వేడిని పైకి జరిపి, అడుగున అప్పుడప్పుడు కొత్త నిప్పురవ్వలు వేసి, ఆ వేడిని నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు వరుసలో రంగుగా మారుస్తుంది.

ఇది కాగడాకు, భోగి మంటకు, పెద్ద గుండానికి చక్కగా కుదురుతుంది. చిన్న దీపానికి కుదరదు, ఎందుకంటే దీపపు జ్వాల ఎగిసిపడదు. దాని ఆకారం నిలకడగా ఉండి కొస మాత్రమే కదులుతుంది. దీపం కోసం ఈ పలకలు కొని నిరాశపడేవారు ఎక్కువ కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకుంటుంది, అంటే 64 ఎల్‌ఈడీల పలక పూర్తిగా వెలిగితే దాదాపు 3.8 ఆంపియర్లు. మంట రంగుల్లో, తగ్గించిన వెలుగులో సగటున పది మిల్లీ ఆంపియర్లే అనుకున్నా 5 వోల్టుల దగ్గర 3.2 వాట్లు అవుతుంది. ఒక లిథియం సెల్ మీద రెండున్నర గంటలకు మించి ఆశించలేము. సరఫరా తీగల మధ్య వోల్టేజీ కుదుపులను తట్టుకునే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, సమాచారపు తీగలో 300 నుంచి 500 ఓముల రెసిస్టర్ పెట్టడం మరచిపోకండి. చుక్కలు కలిసిపోవాలంటే ఎల్‌ఈడీకి, పైన కప్పే పాలరంగు పొరకు మధ్య దూరం కనీసం రెండు ఎల్‌ఈడీల మధ్య ఎడమంత ఉండాలి. మీటరుకు 60 ఎల్‌ఈడీలున్న పట్టీకి అది సుమారు 17 మిల్లీమీటర్లు, 144 ఉన్నదానికి 7 మిల్లీమీటర్లు.

ఇదే సూత్రంతో తయారై వచ్చే మంట బల్బులను హోల్డరులో పెట్టి వాడవచ్చు. వాటిలో ఎక్కువ భాగం మర హోల్డరుకు వస్తాయి, మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది రెండు పిన్నుల హోల్డరు. అడాప్టరు కావాలేమో ముందే చూసుకోండి. తలకిందులుగా వేలాడదీసినా మంట పైకే పోయేలా లోపల ఒరుగుడు సెన్సరు ఉన్నదాన్ని తీసుకోండి. గోడ మీద లాంతరు ఆకారపు గాజు తొడుగులో, పది అడుగుల దూరం నుంచి చూస్తే ఇవి బాగానే ఉంటాయి.

అయస్కాంతంతో ఊగే జ్వాల

దగ్గర నుంచి చూసేవారిని ఇంతగా నమ్మించేది మరొకటి లేదు. జ్వాల ఆకారంలో కోసిన పలచని ప్లాస్టిక్ రేకును సన్నని తీగ మీద వేలాడదీస్తారు, దాని అడుగున చిన్న అయస్కాంతం ఉంటుంది, ఇంకా కింద తీగచుట్ట ఉంటుంది. చుట్టలో కరెంటు మారుతున్నప్పుడల్లా రేకు ఊగుతుంది, పక్క నుంచి ఎల్‌ఈడీ దాని మీద వెలుగు వేస్తుంది. రేకు ఊగే తీరు ఏ ప్రోగ్రాములోనూ రాసి ఉండదు, అందుకే అది ఎంతసేపు చూసినా తిరిగి మొదటికి వచ్చినట్టు అనిపించదు. డిస్నీ సంస్థ ఇంజనీర్లు తమ వినోద ఉద్యానవనాల కోసం రూపొందించిన ఈ పద్ధతి తర్వాత లూమినారా అనే పేరుతో ఇళ్లలోకి వచ్చింది. ఇప్పుడు అలాంటివి చాలా పేర్లతో దొరుకుతున్నాయి.

అయితే ఇది గదికి వెలుగునివ్వదు, నీడలను ఆడించదు, కొన్నింటిలో ఒక వైపు నుంచి చూసినప్పుడే జ్వాల నిండుగా ఉంటుంది. బీచ్‌రోడ్డు వైపు తెరిచి ఉండే బాల్కనీలో గాలి రేకును ఒక పక్కకు నొక్కి పెడుతుంది. ఇది గది లోపలి వస్తువు.

గుడ్డ మంట, ఆవిరి మంట

తేలికైన తెల్లని పట్టు గుడ్డను నాలుకలుగా కత్తిరించి, కింద ఫ్యాను, దాని చుట్టూ అంబర్, ఎరుపు ఎల్‌ఈడీలు పెడితే హాలు చివరి వరుస దాకా నిజమైన మంటగా కనబడుతుంది. ఫ్యాను చప్పుడు, గుడ్డకు పట్టే దుమ్ము దీని కష్టాలు. నీటి ఆవిరిని అల్ట్రాసోనిక్ పలకతో (చెవికి వినబడనంత వేగంగా కంపించే పలక) పైకి లేపి దాని మీద రంగు వెలుగు వేసే రకం చూడముచ్చటగా ఉంటుంది, కానీ తరచుగా నీళ్లు పోయాలి, బోరు నీళ్లు పోస్తే ఖనిజాల తెల్లపొడి చుట్టూ పేరుకుంటుంది. అసలే ఉక్కగా ఉండే ఊళ్లో మూసిన గదికి ఇంకా తేమ చేర్చడం నాకు సమ్మతం కాదు.

| రకం | జ్వాల ఆకారం | కదిలే నీడలు | తగిన దూరం | విద్యుత్తు | బాల్కనీలో |
|---|---|---|---|---|---|
| మినుకు ఎల్‌ఈడీ | ఉండదు | ఉండవు | ఎంతైనా, దాచి పెడితే | అతి తక్కువ | పనికొస్తుంది |
| చిప్, మూడు ఎల్‌ఈడీలు | తొడుగును బట్టి | ఉంటాయి | గది అంతా | తక్కువ | పూత వేస్తే పనికొస్తుంది |
| రంగు ఎల్‌ఈడీల పలక | ఎగిసే మంట | కొంతవరకు | పది అడుగులు, ఆపైన | ఎక్కువ | మూసిన తొడుగులో మాత్రమే |
| ఊగే జ్వాల | చాలా సహజం | ఉండవు | చేతికందే దూరం | తక్కువ | వద్దు |
| గుడ్డ మంట | పెద్ద మంట | ఉంటాయి | వేదిక దూరం | మధ్యస్థం | వద్దు |

ఎవరికి ఏది

పూజగదిలో లేదా పెద్దవాళ్ల మంచం పక్కన రాత్రంతా చిన్న దీపం కావాలంటే, జ్వాల కనబడాలనుకునేవారు ఊగే రకాన్ని, వెలుగు చాలనుకునేవారు మూడు ఎల్‌ఈడీల దీపాన్ని తీసుకోవాలి. ఈ రెండింటి మధ్య నన్ను అడిగితే రెండవదే. ఒంటరిగా ఉండే గదిలో గోడ మీద వెలుగు మెల్లగా కదలడం ఇచ్చే నిబ్బరాన్ని బల్ల మీది ప్లాస్టిక్ రేకు ఇవ్వలేదు. దీనికి కుందె కూడా చేయించుకోవచ్చు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారు అంకుడు కర్రను తరిణ పట్టి అందమైన స్తంభాలు చేస్తారు. తీగ దూరే రంధ్రం ఎంత ఉండాలో లక్క పూయకముందే చెప్పండి, తర్వాత తొలిస్తే పూత పెచ్చులూడుతుంది.

కళాభారతి వంటి వేదికల మీద నాటకం వేసే బృందాలకు గుండం అయితే గుడ్డ మంట, చేతిలో పట్టుకునే కాగడా అయితే గొట్టానికి చుట్టిన రంగు ఎల్‌ఈడీల పట్టీ తగినవి. సంభాషణ నెమ్మదిగా నడిచే సన్నివేశంలో ఫ్యాను చప్పుడు మైకులోకి వస్తుందేమో రిహార్సల్‌లోనే విని చూసుకోవాలి.

రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట బల్లలు వేసే హోటళ్లవారు ఊగే జ్వాల మీద డబ్బు పెట్టవద్దు. గాజు బుడ్డిలో దాచిన మినుకు ఎల్‌ఈడీ అక్కడి గాలికి, చీకటికి చక్కగా సరిపోతుంది, పాడైనా మార్చడం తేలిక. విద్యార్థులకైతే సందేహమే లేదు: డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో రెసిస్టర్లు, ఎల్‌ఈడీలు తెచ్చుకొని మూడు ఎల్‌ఈడీల దీపం కట్టండి. ఒక గదిని చీకటి చేసి, మీ దీపాన్నీ నిజమైన నూనె దీపాన్నీ పక్కపక్కన పెట్టి, వాటి వెలుగు పడే గోడను మాత్రమే చూస్తూ ప్రోగ్రాములో అంకెలు మార్చుకుంటూ పోతే ఒక సాయంత్రంలోనే చాలా నేర్చుకుంటారు.

ఉప్పుగాలికి తట్టుకోవాలంటే

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ముందుగా పాడయ్యేది ఎల్‌ఈడీ కాదు, బ్యాటరీ గూటిలోని స్ప్రింగు. దానికి ఆకుపచ్చ చిలుము పట్టగానే దీపం నిజంగానే వణకడం మొదలుపెడుతుంది, కానీ అది మనం కోరుకున్న వణుకు కాదు. వాడని నెలల్లో సెల్స్ తీసి ఉంచండి. సొంతంగా చేసుకున్న బోర్డు మీద, పరీక్షించి చూశాక, అక్రిలిక్ పూతను రెండు సార్లు స్ప్రే చేయండి. స్విచ్చికి, బ్యాటరీ పట్టీలకు, ప్లగ్గు దూరే చోటికి పూత తగలకుండా ముందే టేపు అంటించండి. బయట పెట్టే ఏ దీపానికైనా 230 వోల్టుల తీగను బాల్కనీలోకి లాగకుండా, చార్జరును గదిలోనే ఉంచి 5 వోల్టుల తీగను మాత్రమే బయటకు పంపండి. తీగ పొడవు మూడు నాలుగు మీటర్లు దాటితే వోల్టేజీ పడిపోతుంది, రంగు ఎల్‌ఈడీలు వాడేవారు ఆ పొడవుకు తగినట్టు లావుపాటి తీగ తీసుకోవాలి.